మానడం వేరు, మానివుండడం వేరు

మృతసంజీవని విద్య నేర్చుకోవడానికి శుక్రాచార్యుడి వద్దకు వచ్చిన కచుడి కథ మన పాఠకులకు కొత్త కాదు. ఆ కుర్రవాణ్ణి రాక్షసులు చంపి, కాల్చి, ఆ బూడిదను మద్యంలో కలిపి గురువుగారి చేతనే తాగించారు. కడుపులో వున్నది తన శిష్యుడేనని తెలిసిన తరువాత శుక్రుడు నిర్ఘాంతపోయాడు. మద్యపానం మహాపాతకమని అప్పటికప్పుడే కట్టడి చేశాడు. నన్నయగారు ఆదిపర్వంలో యీ కథను తెలుగు చేసి వెయ్యేళ్ళు కావస్తున్నది.

అదే భారతం చివరలో మౌసలపర్వం వున్నది. అందులో ద్వారకానగరంలో ఒక చాటింపు వేయిస్తారు. నేటి నుంచి యెవరూ మద్యం తయారు చేయగూడదు, చేసినవాణ్ణి బంధువులతో సహా కొరత వేస్తాం అని ఆ చాటింపు. ఇంతకన్నా కఠినమైన మద్యనిషేధం వూహించడం కష్టం. ప్రజలు భయపడి మానేశారు కూడాను. కాని ఎంతకాలం? ప్రభాసతీర్థానికి యాత్ర బయలుదేరినప్పుడు యాదవులు మద్యాన్ని కూడా వెంట తీసుకుపోయారు. అక్కడ తాగి, మాటా మాటా పెంచుకుని, ఒకరినొకరు చంపుకుని వంశమే లేకుండా పోయారు.

భయం వాళ్ళ చేత మానిపించగలిగింది. మానివుండేటట్లు మాత్రం చేయలేకపోయింది. మత్తుపదార్థాల చికిత్స గురించి నేటి వైద్యులు చెప్పేదంతా దాదాపు యీ ఒక్క మాట చుట్టూనే తిరుగుతున్నది. మానడం వేరు, మానివుండడం వేరు. మొదటిది కొద్ది రోజుల పని. రెండవది సంవత్సరాల పని. మన యిళ్ళల్లో జరిగే పొరపాటల్లా మొదటిది కాగానే రెండవది కూడా అయిపోయిందనుకోవడం.

వ్యసనం అనే మాటలోనే ఒక విశేషం వున్నది. సప్తవ్యసనాలని చెప్పేటప్పుడు దానికి చెడు అలవాటు అని అర్థం. జూదం, పానం, వేట అన్నీ ఆ లెక్కలోవే. కాని సంస్కృతంలో అదే మాటకు ఆపద అనీ, దుఃఖం అనీ కూడా అర్థాలున్నాయి. మనవాళ్ళు మొదటి అర్థాన్ని పట్టుకుని తాగేవాణ్ణి తిడుతూ వచ్చారు. రెండవ అర్థాన్ని పట్టుకుంటే, అతడు ఆపదలో వున్నవాడు, చేయి అందించవలసినవాడు అవుతాడు. వైద్యశాస్త్రం యీ రెండవ అర్థం వైపుకే నడిచింది. 1849లో స్వీడన్ దేశపు వైద్యుడు మాగ్నస్ హస్ తాగుడు వల్ల కలిగే వికారాలన్నిటికీ కలిపి ఒక రోగం పేరు పెట్టాడు. 1956లో అమెరికా వైద్యసంఘం, తాగుడుకు బానిసైనవాణ్ణి ఆసుపత్రులు రోగిగా చేర్చుకుని చికిత్స చేయాలని ప్రకటించింది.

ఒక్కసారిగా మానిపిస్తే?

“మనసుంటే మానలేడా?” అని మనం చాలా తేలికగా అంటాం. మనసు సంగతి తరువాత చూద్దాం. ముందు శరీరం సంగతి చూడాలి.

కావడి మోసేవాణ్ణి చూడండి. ముందు బుట్టలో బరువు పెరిగితే, తూకం కోసం వెనక బుట్టలో కూడా బరువు వేస్తాడు. సారా మెదడును జోకొడుతుంది. రోజూ జోకొట్టించుకునే మెదడు, తాను నిద్రపోకుండా వుండడానికి, తనలోని ఉద్రేకాన్ని అంతకంతకూ పెంచుకుంటుంది. ఇలా ఏళ్ళ తరబడి రెండు బుట్టలూ నిండుతాయి. ఒకనాడు హఠాత్తుగా ముందు బుట్ట తీసేశారనుకోండి, వెనక బుట్ట నేలను కొట్టుకుంటుంది. మానిన మనిషికి జరిగేది అదే.

రోజూ ఎక్కువగా తాగేవాడు ఆపిన ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్లు వస్తాయి. రెండు, మూడు రోజులు గడిచేసరికి కొందరు సంధి పుట్టినట్టు మాట్లాడతారు. లేనివి చూస్తారు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, సొంతవాళ్ళను పోల్చుకోలేరు. దీనిని చూసి దయ్యం పట్టిందని భూతవైద్యుణ్ణి పిలిచినవాళ్ళున్నారు. “నాటకాలు” అని గదిలో పెట్టి తాళం వేసినవాళ్ళూ వున్నారు. చికిత్స అందకపోతే యీ స్థితిలో ప్రాణాపాయం వున్నది.

ఇది పుస్తకాల్లో మాట కాదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద అధికారులు దాడులు చేసి సరఫరా ఆపినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎందరో వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్లతో ఆసుపత్రులకు వచ్చిపడ్డారు. వాళ్ళు తాగుతున్నది చెట్టుకల్లు కాదు. క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి నిద్రమందులు కలిపిన నీళ్ళు. తమకు మందుల వ్యసనం పట్టిందన్న సంగతే వాళ్ళలో చాలామందికి తెలియదు. మళ్ళీ 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చి దుకాణాలు మూసినప్పుడు, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి యిటువంటి రోగుల తాకిడి ఒక్కసారిగా పెరిగింది. దుకాణం మూసినంత మాత్రాన రోగం కుదరదని, వైద్యం తోడు లేకపోతే అపాయం కూడాననీ యీ రెండు సంఘటనలూ రుజువు చేశాయి.

కాబట్టి గృహిణులు గుర్తు పెట్టుకోవలసిన మొదటి మాట యిది. అప్పుడప్పుడు తాగేవాడు తనంతట తాను మానవచ్చును. రోజూ తాగేవాడు, పొద్దున లేస్తూనే చుక్క పడకపోతే చెయ్యి నిలవనివాడు, డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా మానకూడదు. నిద్రమాత్రలకు అలవాటు పడినవాళ్ళకూ యిదే వర్తిస్తుంది. వాళ్ళకు మోతాదును వారాల తరబడి మెల్లమెల్లగా తగ్గిస్తారు.

నాలుగు ప్రశ్నలు

“మావారు తాగుతారు గాని తాగుబోతు కారండీ” అనే యిల్లాళ్ళు చాలామంది. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడ? అమెరికా వైద్యుడు జాన్ ఎవింగ్ 1984లో ప్రకటించిన నాలుగు చిన్న ప్రశ్నలను ప్రపంచమంతటా డాక్టర్లు వాడుతున్నారు. ఎవరికి వారు వేసుకోవచ్చును:

తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా?

తాగుడు గురించి ఎవరైనా ఒక మాట అంటే కోపం వచ్చిందా?

తాగినందుకు తప్పు చేశానని మనసులో పీకుతున్నదా?

పొద్దున లేవగానే నరాలు కుదుటపడడానికో, రాత్రి మత్తు తాలూకు బాధ పోవడానికో ఒక గుక్క వేశారా?

రెండింటికి “అవును” అని జవాబు వస్తే డాక్టరును కలుసుకోవలసిందే. ఇందులో ఎంత తాగుతారనే ప్రశ్నే లేదు, గమనించారా? ఖరీదైన సీసానా, చవక సారాయా అనే ప్రశ్న కూడా లేదు. క్లబ్బులో కూర్చున్న ఆఫీసరుకూ, కాలవగట్టున కూర్చున్న కూలివానికీ పరీక్ష ఒకటే.

తెలియకుండా కలిపే పొడి

“తాగేవారికి తెలియకుండా అన్నంలో కలపండి, నెలలో మాన్పిస్తాం” అనే ప్రకటనలు గోడల మీదా, ఫోన్లలోనూ కనిపిస్తుంటాయి. దిక్కు తోచని యిల్లాలికి యీ మాట దేవుడు పంపిన కబురులాగే వినిపిస్తుంది. అందుకే యీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

1940ల దశకంలో డెన్మార్కులో హాల్డ్, జాకబ్సన్ అనే యిద్దరు శాస్త్రజ్ఞులు కడుపులోని పురుగులకు మందుగా డైసల్ఫిరామ్ అనే పదార్థాన్ని పరీక్షిస్తున్నారు. తామే మింగి చూశారు. ఆ తరువాత కొంచెం మద్యం పుచ్చుకునేసరికి ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులు పట్టుకున్నాయి. పురుగుల మందు కాస్తా తాగుడు మాన్పించే మందు అయింది. నేటికీ దానిని వాడుతున్నారు. కాని ఎలాగ? రోగికి అంతా చెప్పి, అతడు ఒప్పుకున్న తరువాత, గుండె, కాలేయం పరీక్షించి, డాక్టరు యిస్తారు. తాగితే ఏమవుతుందో తెలిసి, అతడే రోజూ మింగాలి. ఆ తెలివిడే సగం మందు.

తెలియకుండా కలిపితే ఏమవుతుంది? అతడు మామూలుగా వెళ్ళి తాగుతాడు. రక్తపుపోటు పడిపోతుంది. గుండెజబ్బు వున్నవాడైతే ప్రాణమే పోవచ్చును. పొడిలో అసలు ఏమున్నదో చీటీ మీద వుండదు, డాక్టరుకు చెప్పడానికి భార్యకూ తెలియదు. పైగా ఒకనాటికి రహస్యం బయటపడితే ఆ యింటి వంట మీద నమ్మకం పోతుంది. భర్త క్షేమం కోరి చేసే పనే అయినా, యిది చేయదగిన పని కాదు.

చికిత్స ఎన్ని మెట్లు?

మొదటి మెట్టు శరీరాన్ని శుభ్రపరచడం. ఐదు నుంచి పది రోజులు పడుతుంది. వణుకు, ఫిట్లు రాకుండా డాక్టర్లు మందులు యిచ్చి క్రమంగా తగ్గిస్తారు. తాగేవాళ్ళు అన్నం సరిగా తినరు గనుక వాళ్ళలో బి1 విటమిన్ అడుగంటిపోయి వుంటుంది. అది యివ్వకపోతే మెదడుకు చెరుపు. అందుచేత ఆ విటమిన్‌ను తప్పనిసరిగా యిస్తారు. పదో రోజున మనిషి తేటగా, ఆకలితో, నవ్వుతూ యింటికి వస్తాడు. ఇంటిల్లిపాదీ దేవుడికి కొబ్బరికాయ కొడతారు. అసలు చికిత్స అప్పుడే మొదలవుతుందని వాళ్ళకు ఎవరూ చెప్పరు.

రెండవ మెట్టు మనసుకు సంబంధించినది. ఏ వేళకు కోరిక పుడుతుంది? ఏ మిత్రుణ్ణి చూస్తే, ఏ వీధిలోకి వస్తే, జీతం అందిన ఏ సాయంకాలం కాళ్ళు అటు లాగుతాయి? కోపం వచ్చినప్పుడా, ఒంటరిగా వున్నప్పుడా? శిక్షణ పొందిన సలహాదారు రోగి చేత యీ లెక్క వేయించి, ఒక్కొక్క సందర్భాన్నీ ఎలా దాటాలో ముందుగా సాధన చేయిస్తాడు. తాగుడులోని సుఖాన్ని తగ్గించే నాల్‌ట్రెక్సోన్, మానినవారిలో ఆరాటాన్ని తగ్గించే అకాంప్రొసేట్ వంటి మందులు కూడా యీ దశలో డాక్టర్లు వాడతారు. నల్లమందు జాతి పదార్థాలకు, హెరాయిన్‌కు బానిసైనవాళ్ళకు బ్యూప్రెనార్ఫిన్ వంటి మందును క్రమపద్ధతిలో చాలాకాలం యివ్వడం వల్ల ఎందరో తిరిగి ఉద్యోగాలు చేసుకుంటున్నారు. “ఒక మత్తు పోయి యింకో మత్తు” అని దీన్ని ఎగతాళి చేసేవాళ్ళున్నారు గాని, చక్కెరజబ్బువాడు రోజూ ఇన్సులిన్ తీసుకుంటే మనం ఎగతాళి చేయం గదా!

మూడవ మెట్టు తోడు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, డాక్టర్ బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడు వల్ల చితికినవారే. తోటివాడికి సాయం చేస్తూ వుంటే తాను తాగకుండా వుండగలనని విల్సన్ అనుభవంలో తెలుసుకున్నాడు. అలా పుట్టినదే ఆల్కహాలిక్స్ అనానిమస్. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు. “ఇవాళ ఒక్కరోజు తాగను” అన్నదే వాళ్ళ సంకల్పం. మన నగరాల్లోనూ యీ సమావేశాలు జరుగుతున్నాయి. ఇది వట్టి భజనమండలి కాదని, చాలాకాలం మానివుండడంలో యితర చికిత్సలతో సమానంగానో, అంతకన్న మెరుగ్గానో పనిచేస్తున్నదని 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తేల్చింది.

ఇన్ని చేసినా మళ్ళీ పడవచ్చును. చికిత్స పొందినవారిలో నూటికి 40 నుంచి 60 మంది దాకా తిరిగి ఎప్పుడో ఒకప్పుడు వాడతారని అమెరికా జాతీయ సంస్థ చెబుతున్నది. రక్తపుపోటు, ఉబ్బసం ఉన్నవాళ్ళలో మందులు మానేసి మళ్ళీ జబ్బు తెచ్చుకునేవాళ్ళ సంఖ్య కూడా తక్కువేమీ కాదు. ఉబ్బసం తిరగబెడితే డాక్టరు దగ్గరకు తీసుకుపోతాం. తాగుడు తిరగబెడితే “వీడింతే” అని వదిలేస్తాం. న్యాయమేనా?

ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి?

వియత్నాం యుద్ధానికి వెళ్ళిన అమెరికా సైనికులు ఎందరో అక్కడ హెరాయిన్‌కు బానిసలయ్యారు. 1971లో స్వదేశానికి తిరిగి వచ్చినవాళ్ళను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెతికి పట్టుకుని పరీక్షించింది. అక్కడ బానిసలైనవారిలో, వచ్చిన మొదటి ఏడాదిలో తిరిగి బానిసలైనవాళ్ళు నూటికి అయిదుగురు మాత్రమే! ఆ యుద్ధభూమి, ఆ భయం, ఆ సావాసం, చేతికందే ఆ సరుకు వెనకపడిపోయాయి. చుట్టూ వున్న ప్రపంచం మారితే మనిషి మారడం ఎంత సులభమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మనవాడు మాత్రం ఆసుపత్రి నుంచి నేరుగా అదే వీధికి, అదే స్నేహితుల వద్దకు, అదే దెప్పుళ్ళ మధ్యకు తిరిగి వస్తాడు. అందువల్లనే యింటివాళ్ళ బాధ్యత పెద్దది.

మొదటిది, మత్తులో వున్నప్పుడు వాదం పెట్టుకోవద్దు. మరునాడు ఉదయం, తేటగా వున్నప్పుడు, ఒకరిద్దరు పెద్దల సమక్షంలో, జరిగినదేమిటో శాంతంగా చెప్పాలి. రెండవది, అబద్ధాలతో కాపాడవద్దు. “జ్వరమండీ” అని ఆఫీసుకు ఫోను చేయడం, సారా అప్పులు రహస్యంగా తీర్చడం, గాజులు తాకట్టు పెట్టడం, యివన్నీ ప్రేమతో చేసేవే. కాని తాగుడు వల్ల కలిగే నష్టం అతడికి తెలియకుండా మనమే అడ్డుపడుతున్నామన్నమాట. మూడవది, మానిన తరువాత పాత కథలు తవ్వవద్దు. “ఎన్నాళ్ళుంటుందో చూస్తాంగా” అనే మేనమామ వెటకారం ఒక సీసా అంత చేటు చేస్తుంది. పెళ్ళిళ్ళలో, పండుగల్లో “ఒక్కటేలే బావా” అని బలవంతపెట్టే బంధువును యింటివాళ్ళే వారించాలి.

నాలుగవది యిల్లాలి గురించి. తాగుడు రోగమే గాని, కొట్టడం రోగలక్షణమని సహించనవసరం లేదు. గృహహింస నుంచి రక్షణకు 2005లో చట్టం వచ్చింది. 181 నంబరుకు ఫోను చేస్తే మహిళలకు సాయం అందుతుంది. రోగిని బాగుచేయడం కోసం భార్యాపిల్లలు బలికావాలని ఏ వైద్యుడూ చెప్పడు. విల్సన్ భార్య లోయిస్ తదితరులు 1951లో తాగేవారి కుటుంబాల కోసమే అల్-అనాన్ అనే ప్రత్యేక సంఘం ప్రారంభించడానికి కారణం, భర్త మానినా మానకపోయినా భార్య మనసు కుదుటపడాలన్న ఆలోచనే.

రాకముందే ఆపడం

మన తెలుగునాట దీనికి గొప్ప ఉదాహరణ దూబగుంట. నెల్లూరు జిల్లాలోని ఆ చిన్న వూళ్ళో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు, వాచకంలోని కథ ఒకటి చదివి, తమ వూరి సంగతి మాట్లాడుకున్నారు. వర్ధినేని రోశమ్మ ముందు నిలబడగా, వూళ్ళో సారా అమ్మకుండా అడ్డుకున్నారు. 1991-92లో మొదలైన ఆ నిప్పు జిల్లా అంతటా, తరువాత రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషిద్ధమయింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. చట్టం వచ్చిపోయిన కథ అందరూ చెబుతారు. కాని ఆ స్త్రీలు చేసిన పెద్దపని మరొకటి వున్నది. అంతవరకు గోడల మధ్య ఏడ్చుకునే సంగతిని పదిమందిలో మాట్లాడదగిన సంగతిగా చేశారు.

పిల్లల విషయంలో భయపెట్టే పాఠాలు పెద్దగా పనిచేయవు. అమెరికాలో 1983లో పోలీసులు బడులకు వెళ్ళి చెప్పే కార్యక్రమం ఒకటి మొదలైంది. దాని ప్రభావం స్వల్పమని తరువాత అనేక పరిశోధనలు తేల్చాయి. ఐస్‌లాండు దేశం వేరే దారి తొక్కింది. పిల్లలకు ఆటలూ, సంగీతమూ అందుబాటులోకి తెచ్చారు; రాత్రిళ్ళు వీధుల్లో తిరగకుండా వేళలు పెట్టారు; తల్లిదండ్రులు పిల్లలతో ఎక్కువ సేపు గడిపేటట్లు, ఒకరి పిల్లల సంగతి ఒకరు తెలుసుకునేటట్లు చేశారు. 15, 16 ఏళ్ళ వాళ్ళలో గడచిన నెలలో తాగి మత్తెక్కినవాళ్ళు 1998లో నూటికి 42 మంది వుంటే, 2016 నాటికి అయిదుగురయ్యారు.

మనం ఐస్‌లాండు కానక్కరలేదు. కుర్రవాణ్ణి సీసా తెమ్మని దుకాణానికి పంపకుండా వుంటే చాలు. సాయంత్రం ఒక గంట వాడితో కూర్చుంటే చాలు. వాడి స్నేహితుల పేర్లు తెలిసివుంటే చాలు. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్ళు అననే అన్నారు.

2019లో మన కేంద్రప్రభుత్వం ప్రకటించిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కడు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందానని చెప్పాడు. తక్కిన 37 మందికి మందు లేక కాదు. కొందరికి దగ్గరలో వైద్యం లేదు. కొందరికి వున్నదని తెలియదు. చాలామందికి నలుగురూ ఏమనుకుంటారోనన్న సిగ్గు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్యవిభాగాలున్నాయి. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో యిందుకు ప్రత్యేక కేంద్రమే వున్నది. 14446కు ఫోను చేస్తే వ్యసనవిముక్తి గురించి, 14416కు చేస్తే మానసిక ఆరోగ్యం గురించి డబ్బు తీసుకోకుండా సలహా చెబుతారు. రోగి రాననంటే యింటివాళ్ళయినా ముందు ఫోను చేయవచ్చును.

మీ యింట్లోనో, మీ పక్కింట్లోనో యీ రోజుల్లో ఎవరైనా మానితే, “ఎన్నిసార్లు మానాడు గనుక!” అని మాత్రం అనకండి. ఎన్నోసారి అన్నది ముఖ్యం కాదు. రేపు సాయంకాలం ఆరు గంటలకు, దుకాణం తెరిచే వేళకు, అతడి పక్కన ఎవరున్నారన్నది ముఖ్యం.